పైబాల్డ్ అంటే బట్టతల కాదు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి మైకు వినపడుతోందా? సరే. అనువాదంలో ఇబ్బంది పెట్టే మాటల గురించి మాట్లాడమని పిలిచారు, నేనేమో ఒక్కటంటే ఒక్క మాట పట్టుకునొచ్చా, ఇవాళంతా దాని చుట్టూనే తిరుగుతా, విసుగొస్తే మొహమాటం లేకుండా చెయ్యెత్తండి. ఆ మాట పైబాల్డ్. జంతువుల ఒంటి రంగు చెప్పే ఇంగ్లీషు మాట, ఎక్కువగా గుర్రాల విషయంలో వాడతారు.

ముందు నా పరువు నేనే తీసుకుని మొదలుపెడతా. చాలా ఏళ్ళ క్రితం పిల్లల కథల పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నా. అందులో ఒక ముసలాయన పైబాల్డ్ పోనీ ఎక్కి వస్తాడు, అంతే, కథలో ఆ గుర్రానికి ఇంకేం పని లేదు. రాత్రి పదకొండు దాటింది, పొద్దున్నే పంపించాలి, డిక్షనరీ పక్కగదిలో ఉంది, లేవడానికి బద్ధకం. బాల్డ్ అంటే ఏంటో చిన్నప్పట్నుంచీ తెలుసు కదా అనుకుని 'జూలు ఊడిపోయిన పొట్టి గుర్రం' అని రాసేసి పడుకున్నా. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, బొమ్మలేసే ఆయన ఇంగ్లీషు చూడడు, నా తెలుగే చూస్తాడు. పాపం ఎంతో శ్రద్ధగా, మెడ మీద ఒక్క వెంట్రుక లేకుండా నున్నగా గుర్రాన్ని వేసి పంపించాడు. ముసలాయనకీ జుట్టు లేదు, గుర్రానికీ లేదు. ప్రూఫుల దగ్గర ఎడిటరమ్మ ఫోన్ చేసి "ఏవండీ, ఈ గుర్రానికేమైనా జబ్బా?" అని అడిగింది. (నవ్వులు)

నవ్వండి, నవ్వండి. సరే దిద్దా. డిక్షనరీ తీస్తే నలుపూ తెలుపూ మచ్చలు గలది అనుంది, మచ్చల గుర్రం అని మార్చా. ఆయన రెండోసారి వేసిన బొమ్మలో తెల్లగుర్రం, దాని ఒంటి నిండా రూపాయి కాసులంత గుండ్రటి నల్లచుక్కలు, అచ్చం డాల్మేషియన్ కుక్కకి గిట్టలు పెట్టినట్టు. అదీ తప్పే! అలా చుక్కలుండే గుర్రానికి వేరే పేరుంది, లెపర్డ్ స్పాటెడ్ అంటారు, అప్పలూసా, నాబ్‌స్ట్రప్పర్ అనే జాతుల్లో కనిపిస్తుంది. ఇందులో ఆయన తప్పేం లేదు, మనకి మచ్చ అనగానే తెల్లటి దాని మీద నల్లటిది గుర్తొస్తుంది, చొక్కా మీద సిరా మరక లాగ. పైబాల్డ్ అనే మాటలో ఉన్నది అందుకు సరిగ్గా తిరగబడ్డ సంగతి. అక్కడ మచ్చ నలుపు కాదు, మచ్చ తెలుపు. ఇది నాకు అర్థమవ్వడానికి చాలా కాలం పట్టింది, ఇవాళ చెప్పదలుచుకున్నదీ ఇదే.

మాటని రెండు ముక్కలు చేద్దాం. పై, బాల్డ్. ఈ పై తినేది కాదు, పక్షి. మ్యాగ్‌పై అంటాం కదా, నల్లటి తల, తెల్లటి పొట్ట, పొడుగు తోక, కాకి కుటుంబంలోదే. దాన్ని ముందు ఉత్త పై అనే పిలిచేవాళ్ళు. లాటిన్‌లో పీకా, అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి పై అయింది. ముందున్న మ్యాగ్ తర్వాత అంటించిందే, మార్గరెట్ అనే పేరుకి ముద్దుపేరు, ఎప్పుడూ గలగలా వాగే ఆడమనిషి అని వెటకారం, 1600 ప్రాంతంలో తగులుకుంది. పక్షి శాస్త్రీయ నామం మాత్రం ఇప్పటికీ పీకా పీకా. అన్నట్టు మట్టీ సుద్దముక్కలూ తినే జబ్బుని డాక్టర్లు పైకా అంటారు చూడండి, అదీ ఈ పక్షి పేరే, ఏది దొరికితే అది మింగుతుందని దానికున్న అపకీర్తి వల్ల వచ్చింది. పైడ్ అన్నా ఇదే, పై లాగ రెండు రంగులున్నది అని. పైడ్ కింగ్‌ఫిషర్, పైడ్ వ్యాగ్‌టెయిల్ అని పక్షుల పుస్తకాల్లో చూసుంటారు. ఎలకల్ని వెంటేసుకుపోయిన హామెలిన్ పైడ్ పైపర్ కూడా అంతే, ఆయన రంగురంగుల బట్టలేసుకున్నాడు కాబట్టి పైడ్. చాలామంది ఆ పైడ్‌ని డబ్బులిచ్చేశారు అనే పెయిడ్ అనుకుంటారు, నిజానికి కథంతా ఆయనకి డబ్బులివ్వకపోవడం గురించే.

ఇక బాల్డ్. ఇదీ అసలు కిటుకు. ఇవాళ దానికి జుట్టు లేని అనే అర్థం ఒక్కటే మనకి తెలుసు గానీ పాతకాలం ఇంగ్లీషులో దానికి తెల్లమచ్చ ఉన్న అనే అర్థం కూడా ఉంది. వెల్ష్ భాషలో బాల్ అని ఒక మాటుంది, గుర్రం నుదుటి మీద తెల్లమచ్చ అని, ఇంగ్లీషు మాట ఆ మూలం నుంచే వచ్చుంటుందని భాషావాళ్ళు అంటారు. గ్రీకులో కూడా ఫలారోస్ అంటే తెల్లమచ్చ ఉన్నది, ఫలక్రోస్ అంటే బట్టతల, పక్కపక్కనే. ఎందుకలా అంటే ఆలోచించండి, దూరం నుంచి చూస్తే నల్ల తల మీద మెరిసే తెల్లభాగం, అది తెల్ల వెంట్రుకలైనా ఒకటే, నున్నటి చర్మమైనా ఒకటే. ఇంగ్లీషులో బాల్డ్ యాజ్ ఎ కూట్ అనే సామెతుంది, కూట్ అంటే చెరువుల్లో తిరిగే నల్లటి నీటికోడి, దాని నుదుటి మీద తెల్లటి బిళ్ళ ఉంటుంది, అంతేగానీ దానికి ఈకలు రాలిపోలేదు. అమెరికా వాళ్ళ బాల్డ్ ఈగిల్ తీసుకోండి. 1782 నుంచి వాళ్ళ రాజముద్ర మీద ఉంది, చట్టప్రకారం జాతీయ పక్షిగా ప్రకటించింది మాత్రం 2024 డిసెంబర్లోనే, అదో విచిత్రం. ఆ గద్ద తల నిండా ఒత్తుగా ఈకలే, కాకపోతే తెల్లవి. తెలుగు పేపర్లలో బట్టతల గద్ద అని రాస్తుంటారు, చూసినప్పుడల్లా నా గుర్రం గుర్తొస్తుంది. తెల్లతల గద్ద అంటే అయిపోయేది కదా!

కాబట్టి పైబాల్డ్ అంటే, పై పక్షి లాగ తెల్లమచ్చలు పడ్డది. 16వ శతాబ్దం చివర్లో పుట్టిన మాట. గుర్రం ఒళ్ళు నలుపు, దాని మీద తెలుపు వచ్చి పడింది, మాట చెప్పేది అదే.

ఇప్పుడు మీలో కొందరికి వెలిగే ఉంటుంది, తెలుగులో బొల్లి అనే మాట. బొల్లి ఆవు అంటే మొహం మీద తెల్లమచ్చ ఉన్నది, జబ్బు సంగతి తర్వాత, ముందు మాటకి అర్థం తెల్లమచ్చే. బాల్డ్‌కి ఇంత దగ్గరగా వచ్చేది ఇంకోటి నాకైతే దొరకలా. బాల్డ్, బొల్లి, వినడానికి కూడా దగ్గరగా ఉన్నాయి కదా అని ఎగరకండి, అది ఉత్త యాదృచ్ఛికం, ఇలాంటివి పట్టుకుని ఇంగ్లీషు తెలుగులోంచి పుట్టిందని వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, మనం వద్దు. మరి వాడేద్దామా అంటే, ఇవాళ బొల్లి అనగానే జనానికి చర్మవ్యాధి గుర్తొస్తుంది. బొల్లి గుర్రం అని రాస్తే మళ్ళీ ఎడిటరమ్మ ఫోనే, ఈ గుర్రానికేమైనా జబ్బా అని. సంస్కృతంలో శబల ఉంది, రంగులు కలగలిసినది అని. రామాయణంలో విశ్వామిత్రుడు ఆశపడ్డ వశిష్ఠుడి కామధేనువుని శబల అనే పిలుస్తారు. ఋగ్వేదంలో యముడి రెండు కుక్కల్నీ శబలాలు అన్నారు, పైగా నాలుగు కళ్ళవి అన్నారు, కళ్ళ పైన రెండు లేతరంగు చుక్కలున్న కుక్కల్ని మీరూ చూసే ఉంటారు, దూరం నుంచి నిజంగానే నాలుగు కళ్ళలా ఉంటాయి, అదే అయ్యుండొచ్చని కొందరంటారు. మంచి మాటే, కానీ పిల్లల కథలో ముసలాయన శబలాశ్వం ఎక్కి వస్తే ఆయన రాజ్యం కోల్పోయిన రాజేమో అనుకుంటారు పిల్లలు. (నవ్వులు)

వాడుక దగ్గరికొద్దాం. బ్రిటన్‌లో గుర్రాల వాళ్ళు ఈ మాటతో చాలా కచ్చితంగా ఉంటారు. పైబాల్డ్ అంటే నలుపూ తెలుపూ మాత్రమే. గోధుమరంగో ఎరుపో ఇంకేదో, నలుపు తప్ప ఏదైనా తెలుపుతో కలిస్తే అది స్క్యూబాల్డ్. చెస్ట్‌నట్ అనే ఎర్రగోధుమరంగు గుర్రానికి అట్లాసులో దేశాల్లాంటి తెల్లమచ్చలున్నాయనుకోండి, దాన్ని పైబాల్డ్ అన్నారంటే మీరు గుర్రం ఎప్పుడూ చూళ్ళేదని వాళ్ళకి అర్థమైపోతుంది. రెండిటినీ కలిపి కలర్డ్ హార్స్ అంటారు. అట్లాంటిక్ దాటగానే మాట మారిపోతుంది, అమెరికాలో పింటో అంటారు, స్పానిష్‌లో రంగులేసినది అని. దీనితో పెయింట్ అనే మాటని కలపకండి, పింటో అనేది ఒంటి రంగు తీరు, పెయింట్ అనేది ఒక జాతి, వంశవృక్షం రిజిస్టర్ అయ్యుండాలి. పెయింట్‌లు చాలావరకు పింటో రంగులోనే ఉంటాయి కానీ పింటోలన్నీ పెయింట్‌లు కావు. ఇది తెలీక ఒకే నవలలో ఒకే గుర్రాన్ని మూడు రకాలుగా తెలుగు చేసినవాళ్ళున్నారు, వాళ్ళెవరో చెప్పను, ఒకడు ఇక్కడే నిలబడి మాట్లాడుతున్నాడు.

పైబాల్డ్ గుర్రం దర్జా చూడాలంటే లండన్లో బ్రిటిష్ రాజుగారి హౌస్‌హోల్డ్ కేవలరీ అనే అశ్వదళం ఊరేగింపు వీడియో పెట్టుకోండి. దళంలో గుర్రాలు దాదాపు అన్నీ నల్లగా ఒకే అచ్చులో ఉంటాయి, ముందు డప్పులు మోసే డ్రమ్ హార్స్ మాత్రం భారీకాయం, తరచుగా పైబాల్డో స్క్యూబాల్డో ఉంటుంది. రెండు పక్కలా వెండి డప్పులు. వాయించేవాడికి రెండు చేతులూ పని కదా, మరి కళ్ళెం ఎవరు పట్టుకోవాలి? పగ్గాలు కాళ్ళ దగ్గర రికాబులకి కట్టుంటాయి, కాళ్ళతోనే తిప్పుతాడు. గుర్రానికి ఎంత ఓపికుండాలో చూడండి, చెవుల వెనకే ఆ మోత.

గుర్రం దాటి మిగతా జంతువుల్లోకి వెళ్తే ఈ మాట వాడకం చిత్రంగా ఉంటుంది. నలుపూ తెలుపూ ఉన్న హోల్‌స్టైన్ ఆవుని పైబాల్డ్ అంటే అర్థం తప్పు కాదు గానీ మామూలుగా అలా అనరు, అలవాటు లేదంతే. పిల్లి అయితే బైకలర్, పొట్టా పాదాలూ మాత్రం తెల్లగా ఉంటే టక్సీడో. కుక్కల్లో పార్టీకలర్ అంటారు, డాక్స్‌హుండ్ జాతి కుక్కల్ని పెంచేవాళ్ళు మళ్ళీ పైబాల్డ్ అంటారు. ఎలకకి తలా భుజాలూ, వెన్ను పొడుగునా ఒక చారా మాత్రం రంగుంటే హుడెడ్. జింకకి పైబాల్డ్, బాల్ పైథాన్ అనే కొండచిలువకి కూడా పైబాల్డే, పెంచేవాళ్ళు ముద్దుగా పైడ్ అంటారు. ఇందులో తర్కం వెతకొద్దు, ఏ జంతువు చుట్టూ ఏ జనం చేరారో వాళ్ళ మాట అక్కడ స్థిరపడింది. మనుషుల మాటల మీదకీ ఎక్కింది, 1663లో వచ్చిన హ్యూడిబ్రాస్ అనే వ్యంగ్యకావ్యంలో ఒక పండితుడు ఇంగ్లీషులో గ్రీకూ లాటినూ కలిపి దంచుతుంటే అది అతుకుల పైబాల్డ్ భాష అని ఎగతాళి చేస్తారు. ఇప్పుడు నేను మాట్లాడుతున్న తెలుగు కూడా పైబాల్డే లెండి.

ఇక సైన్సు. నేను సైన్సువాణ్ణి కాదు, కానీ బొమ్మ రెండుసార్లు తప్పు వేయించాక పంతం పట్టి చదివా. ఒంటికి రంగునిచ్చే కణాలు మెలనోసైట్లు. పిండంలో అవి చర్మంలో పుట్టవు. వెన్ను పొడుగునా న్యూరల్ క్రెస్ట్ అని ఒక అంచు ఉంటుంది, అక్కడ పుట్టి అక్కణ్ణుంచి పక్కలకీ పొట్ట వైపుకీ కాళ్ళ చివర్లకీ మొహం మీదకీ ప్రయాణం చేస్తాయి. కణాలు చేరినచోట రంగు, చేరనిచోట తెలుపు. అందుకే చాలా జంతువుల్లో కొంచెమే తెలుపున్నప్పుడు అది ఎక్కడుంటుందో గమనించండి, నుదురు, రొమ్ము, పొట్ట, పాదాలు, తోక కొస. బయల్దేరిన చోటికి బాగా దూరంగా ఉన్న ఊళ్ళన్నమాట, బస్సు ఆఖరి స్టాపు దాకా వెళ్ళకుండా ఆగిపోయినట్టు. గుర్రం నుదుటి మీద ఆ తెల్లమచ్చకే కదా పాతకాలం వాళ్ళు బాల్ అన్నది. 1959లో సైబీరియాలో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల్లో సాధువైనవాటినే ఏరి సంతానం పెంచడం మొదలుపెట్టాడు, రంగు సంగతి పట్టించుకోలేదు, అయినా కొన్ని తరాలకే నుదుటి మీద తెల్ల నక్షత్రంతో పిల్లలు పుట్టడం మొదలైంది.

ఈ ప్రయాణంలో పెత్తనం ఎక్కువగా కిట్ అనే జీన్‌ది. అందులో తేడా ఉంటే కణాలు నెమ్మదిగా నడుస్తాయేమో, అందుకే చేరవేమో అనుకునేవాళ్ళు. 2016లో బ్రిటన్ పరిశోధకులు ఎలకల మీద చూసి చెప్పిందేంటంటే, నడక మందగించడం కాదు, సంఖ్య చాలకపోవడం. కణాలు ఎటుపడితే అటు తిరుగుతూ విభజన చెందుతూ పోతాయి, విభజన తగ్గితే ఒళ్ళంతా నిండేటన్ని ఉండవు, ఖాళీలు మిగిలిపోతాయి. అయితే నేను చెప్పిన బస్సు లెక్క అన్నిటికీ సరిపోదని కూడా చెప్పాలి, లేకపోతే తెలిసినవాళ్ళు తిడతారు. గుర్రాల్లో టోబియానో అనే తీరులో తెలుపు వీపు మీదుగానే అటు నుంచి ఇటు దాటేస్తుంది, కాళ్ళు తెలుపు, తలేమో రంగుగానే ఉంటుంది, ఇక్కడ కిట్ జీన్ పక్కన క్రోమోజోమ్ ముక్క ఒకటి తిరగబడి అతుక్కుంది. ఇంకోటి ఫ్రేమ్ ఓవరో, ప్రక్కల మీద మచ్చలు, వీపు దాటవు, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. దానికి కారణం వేరే జీన్, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తే పిల్ల దాదాపు పూర్తిగా తెల్లగా పుడుతుంది, కొద్దిరోజుల్లోనే చచ్చిపోతుంది. ఎందుకంటే పేగుల్లో నరాలు కూడా ఆ న్యూరల్ క్రెస్ట్ నుంచే నడిచి రావాలి, అవీ రాలేదు. అందుకని అలాంటి గుర్రాల్ని జతకట్టించే ముందు డిఎన్ఏ పరీక్ష చేయిస్తారు. రంగూ పేగూ ఒకే చోటి నుంచి బయల్దేరతాయంటే నేను మొదట నమ్మలేదు.

మచ్చల ఆకారం సంగతి ఇంకా తమాషా. 1920లో సూయల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త పైబాల్డ్ గినీపిగ్‌ల మీద లెక్కలు కట్టాడు. తరతరాలుగా అన్నాచెల్లెళ్ళని జతచేసి దాదాపు ఒకే వారసత్వం ఉండేలా పెంచిన గుంపులో కూడా ఒక్కోదానికి తెలుపు ఒక్కోలా ఉంది. వారసత్వం ఒకటే, గూడు ఒకటే, తిండి ఒకటే, మరి తేడా ఎక్కణ్ణుంచొచ్చింది? పిండం పెరిగేటప్పుడు జరిగే చిన్నచిన్న అవకతవకల వల్లే అని తేల్చాడు. అంటే అదృష్టం. తెలుపు పడుతుందా లేదా అన్నది జీన్ చెబుతుంది, మరీ కచ్చితంగా ఎక్కడ పడుతుందో చెప్పదు.

మనుషుల్లో కూడా ఉంది, పైబాల్డిజం అనే పేరుతోనే. పుట్టుకతోనే నుదుటి పైన ఒక పాయ తెల్లజుట్టు, కింద చర్మం మీద తెల్లమచ్చ. అనువాదకులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, దీన్ని బొల్లి అని రాయకూడదు. బొల్లి, అంటే విటిలిగో, పుట్టాక వస్తుంది, ఉన్న కణాలు పోతాయి, పాకొచ్చు. పైబాల్డిజంలో కణాలు అసలు అక్కడికి రానేలేదు, మచ్చ చాలావరకు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది, వంశంలో తల్లికో తండ్రికో ఉంటే సగం సగం అవకాశంతో పిల్లలకొస్తుంది. రెండూ అంటువ్యాధులు కావు, ఇది మాత్రం గట్టిగా రాయండి.

ప్రశ్నలా? అడగండమ్మా.

(సభలోంచి: మాస్టారూ, ఇంతకీ పుస్తకంలో చివరికి ఏం పెట్టారు?)

అది చెప్పకుండా తప్పించుకుందామనుకున్నా. 'నల్లగుర్రం, ఒంటి మీద అక్కడక్కడా పాలు ఒలికినట్టు పెద్దపెద్ద తెల్ల మడుగులు' అని పెట్టా. ఒక్క మాటకి ఇన్ని మాటలు, ఎడిటరమ్మ సగం కొట్టేసి 'నల్లగుర్రం, దాని మీద పాలు ఒలికినట్టు తెలుపు' అని ఉంచింది, నిజం చెప్పాలంటే ఆవిడదే బాగుంది. మూడో బొమ్మ సరిగ్గా వచ్చింది.

(సభలోంచి: మరి జీబ్రా పైబాల్డేనా సార్? అదీ నలుపూ తెలుపే కదా.)

అబ్బ, మంచి ప్రశ్న. కాదు. కారణం బయటికి కనపడదు. పైబాల్డ్ గుర్రాన్ని నీళ్ళు పోసి కడుగుతున్నప్పుడు చూడండి, వెంట్రుకలు తడిసి ఒంటికి అతుక్కుంటే, నల్లభాగం కింద చర్మం నల్లగానే ఉంటుంది, తెల్లభాగం కింద మాత్రం గులాబీరంగులో తేలుతుంది, ఎందుకంటే అక్కడ రంగు కణాలే లేవు. రెండిటి మధ్య హద్దు కూడా తడిలో భలే తెలుస్తుంది. ముసలైపోయి తెల్లబడ్డ గ్రే గుర్రాన్ని తడపండి, వెంట్రుక తెలుపే, కింద చర్మమంతా నలుపు, దానిది మన తల నెరిసినట్టే. జీబ్రాకీ అంతే, తెల్లచారల కింద కూడా చర్మం నల్లగానే ఉంటుంది. కణాలు వచ్చాయి, అక్కడే ఉన్నాయి, కాకపోతే ఆ చారలో వెంట్రుకకి రంగు అందట్లేదు. కాబట్టి అనుమానం వస్తే తడిపి చూడటమే, జీబ్రాని ఎవరు తడుపుతారో మాత్రం మీలో మీరు తేల్చుకోండి, నేను రాను.